శంకర్ గుహా నియోగి హత్య: శిక్ష తుపాకి పట్టిన చేతికే

భిలాయి ఉక్కు పట్టణంలో 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ప్రముఖ కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి హత్యకు గురయ్యారు. హుడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రిస్తున్న ఆయనను దుండగుడు కిటికీ గుండా నాటు తుపాకితో కాల్చి చంపాడు. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరాలు. నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతం ఆనాడు మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉండేది.

రిసాలి తదితర భిలాయి నివాస ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉక్కు కర్మాగారమే జీవనాధారంగా నిలిచింది. 1959లో ఉత్పత్తి ప్రారంభించిన ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చేది. ఆ ఖనిజాన్ని తవ్విన ఠేకేదారీ కూలీలకు మాత్రం కర్మాగారపు శాశ్వత ఉద్యోగులకు ఉన్న వేతనం గానీ, ఉద్యోగ భద్రత గానీ ఉండేవి కావు. నియోగి ఉద్యమం ఈ వ్యత్యాసం నుంచే పుట్టింది.

గనుల నుంచి కర్మాగారాలకు

బెంగాలీ కుటుంబంలో జన్మించిన నియోగి 1960 దశకంలో భిలాయి కర్మాగారంలో పనిచేసి, కార్మిక ఆందోళనల కారణంగా ఉద్యోగం కోల్పోయారు. అనంతరం గ్రామాల్లో, రాతి క్వారీల్లో శ్రామికుల మధ్య జీవించారు. అత్యవసర పరిస్థితి కాలంలో జైలు పాలయ్యారు. 1977లో గని కార్మికులు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను నెలకొల్పి ఆయన నాయకత్వాన్ని కోరుకున్నారు. అదే ఏడాది జూన్ 2, 3 తేదీల్లో దల్లీ రాజహరాలో జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది మరణించారు. ఆ అమరుల స్మృతిగా కార్మికులు తమ శ్రమతో, తమ చందాలతో నిర్మించుకున్న షహీద్ ఆసుపత్రి 1983లో ప్రారంభమైంది.

సమ్మెతో పాటు సేవ, నిర్మాణం కూడా సంఘం కర్తవ్యాలేనని నియోగి విశ్వసించారు. మద్యం మాన్పించే ఉద్యమం కార్మికుల ఇళ్లలో, ముఖ్యంగా మహిళల్లో, ఆయనకు గౌరవం తెచ్చింది. 1857లో రాయపూర్‌లో ఉరితీతకు గురైన గిరిజన వీరుడు వీర్ నారాయణ్ సింగ్ స్మృతిని కూడా ఆయన నాయకత్వంలోని ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా ప్రజల్లోకి తీసుకువెళ్లింది.

1990లో ఆయన భిలాయి పారిశ్రామిక ప్రాంతంలోని ప్రైవేటు కర్మాగారాల ఠేకేదారీ కార్మికులను సంఘటితం చేయడం ఆరంభించారు. జీవనయోగ్యమైన వేతనం, శాశ్వత ఉద్యోగం, సంఘానికి గుర్తింపు వారి ప్రధాన కోరికలు. ఇవన్నీ చట్టం పరిధిలోని కోరికలే. 1991 ఫిబ్రవరిలో పాత కేసుల్లో అరెస్టయి, హైకోర్టు బెయిలుపై విడుదలయ్యారు. తనకు ప్రాణహాని ఉన్నదని ముందే గ్రహించిన నియోగి ఆ సంగతిని టేపుపై రికార్డు చేసి ఉంచారు.

న్యాయస్థానాల తీర్పులు

కేసును సీబీఐ దర్యాప్తు చేసింది. 1997లో దుర్గ్ సెషన్స్ న్యాయస్థానం కాల్పులు జరిపిన పల్టన్ మల్లాకు మరణశిక్షను, ఇద్దరు పారిశ్రామికవేత్తలు సహా మరో ఐదుగురికి యావజ్జీవ శిక్షను విధించింది. 1998లో మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు పల్టన్ మల్లాను దోషిగా నిర్ధారించి యావజ్జీవ శిక్ష విధించింది. కుట్ర ఆరోపణకు తగిన సాక్ష్యం లేదంటూ మిగిలిన వారి విడుదలను సమర్థించింది.

సాక్ష్యం లేకుండా ఎవరినీ శిక్షించరాదన్నది న్యాయసూత్రం. దానిని గౌరవిస్తూనే కార్మికులు ఒక ప్రశ్న వేస్తున్నారు: నియోగితో వ్యక్తిగత వైరం లేని మనిషి ఎవరి కోసం ఆ తుపాకి పట్టాడు? చట్టం దృష్టిలో ఆ ప్రశ్నకు నేటికీ జవాబు లేదు.

మిగిలిన అన్యాయం

నాయకుడి మరణంతో కోరికలు ఆగిపోలేదు. 1992 జూలై 1న భిలాయి పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా 16 మంది కార్మికులు మరణించారు. చర్చల బల్ల వద్ద తేలవలసిన వేతన వివాదం మొదట ఒక నాయకుడిని, తరువాత అతని అనుచరులను బలిగొన్నది.

ప్రజలు తమ తరఫున మాట్లాడేందుకు ఎన్నుకున్న వ్యక్తిని చంపడం ఆ ప్రజల నోరు నొక్కడమే. ఆ నష్టం ఒక కుటుంబానికి పరిమితం కాదు, ఒక హంతకునికి పడిన శిక్షతో తీరేదీ కాదు. ఏటా సెప్టెంబరు 28న కార్మికులు ఎరుపు, ఆకుపచ్చ జెండాలతో నియోగికి నివాళులు అర్పిస్తున్నారు. దల్లీ రాజహరాలో షహీద్ ఆసుపత్రి పేదలకు వైద్యం అందిస్తూనే ఉన్నది.