అకామా: పదిహేను రోజులు, పాతికేళ్లు

మసీదులో జమాత్ నిలబడే ముందు చెప్పేది ఇఖామత్. కువైట్‌లో ఉండటానికి ఇచ్చే ఇజాజత్ ఇఖామా. రెండూ ఒకే అరబీ లఫ్జ్. నిలబెట్టడం, ఒకచోట నిలిచి ఉండటం అని మతలబు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గల్లీల్లో అది అకామా అయింది. "అమ్మీకి అకామా కొట్టినారా?" అని పిల్లలు కూడా ఫోన్లో అడుగుతారు.

హనఫీ మస్‌అలా ప్రకారం ముసాఫిర్ ఒక ఊళ్లో పదిహేను రోజులు ఉండాలని నియ్యత్ చేసుకుంటే చాలు, ముఖీమ్ అయిపోతాడు. ఖస్ర్ వదిలేసి నమాజ్ పూర్తిగా చదవాలి. కువైట్ ఖానూన్ లెక్క వేరు. పాతికేళ్లున్నా అక్కడ మనిషి ముసాఫిరే.

ఒకప్పుడు అక్కడ నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే నోట్లు అచ్చేసింది, 1961లో కువైట్ సొంత దీనార్ తెచ్చుకుంది. అదే 1959లో వచ్చిన 17వ నంబరు చట్టం పరదేశీల నివాసానికి కట్టుబాట్లు పెట్టింది. కఫీల్ వ్యవస్థ దాని చుట్టూ అల్లుకుంది. 1973 తర్వాత నూనె ధర ఎగబాకింది, పనివాళ్ల గిరాకీ పెరిగింది. మన సీమలో కరువు ఉండనే ఉంది.

కంపెనీ పనికి పోయినోళ్లది 18వ నంబరు వీసా, ఇంటిపనికి పోయినోళ్లది 20. ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో మన ఆడోళ్లను అడగాలి. 18 వాళ్లకు జుమా రోజు ఫర్వానియాలోనో మాలియాలోనో నలుగురు కలిసే వీలుంటుంది. 20 వాళ్లకు చాలా ఏళ్లు కఫీల్ ఇంటి గేటే సరిహద్దు. యజమాని బాబా, యజమానురాలు మామా. చిన్నప్పుడు మక్తబ్‌లో నాజిరా చదివినందుకు బోర్డుల మీది హర్ఫులు కూడబలుక్కోగలరు, మానే మాత్రం తెలీదు. రమజాన్ వస్తే సహరీ దాకా బావర్చీఖానాలోనే. ఈద్ తరచూ మనకంటే ఒకరోజు ముందే వస్తుంది. ఆ రోజు ఊరికి ఫోన్ చేస్తే ఇక్కడింకా ఉపవాసంలోనే ఉంటారు. ముబారక్ ఎవరికి చెప్పాలి?

వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ ఇంటిపనివాళ్లకు ఖానూన్‌గా వచ్చింది 2015లో, 68వ నంబరు చట్టంతో. అప్పటికి మన ఇళ్లల్లో ఒక తరం ఆడోళ్లు పోయి, ముసలోళ్లై, తిరిగొచ్చేసినారు. వాళ్ల సంపాదనతో లేచిన మిద్దెలు ఉన్నాయి, ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో కొని ఇచ్చిన జహేజ్‌లూ ఉన్నాయి. మన ఖాందాన్ల తారీఖ్ చెప్పేటప్పుడు మాత్రం అబ్బా పేరే ముందొస్తుంది. ఇది నాకు నచ్చదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి దిగింది. కువైట్ దీనార్ రద్దన్నారు. దాచుకున్న జీతాలు కాగితాలైపోయినాయి. బస్రా, బగ్దాద్ మీదుగా బస్సుల్లో అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్ష మందికి పైగా మన దేశస్తులు రెండు నెలల్లో ఇల్లు చేరారు. తర్వాత జెనీవాలోని ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ అలా వచ్చేసిన ఒక్కొక్కరికి 2500 లేదా 4000 డాలర్లు కట్టింది. ఆ దావాలో చూపించాల్సింది ఎప్పుడు బయటపడ్డారన్నదే. ఎన్నేళ్లున్నారు, ఎవరి పిల్లల్ని పెంచారు అన్నది ఆ మొత్తం లెక్కలో లేదు.

1959 నాటి చట్టం బదులు 2025 జనవరిలో కొత్తది అమల్లోకి వచ్చింది. ఇంటిపనివాళ్లు నాలుగు నెలలకు మించి బయట ఉంటే అకామా రద్దు, కఫీల్ ముందుగా ఇజాజత్ తీసుకుంటే తప్ప. ఫిఖహ్‌లోనూ వతనె ఇఖామత్ అనేది అక్కడి నుంచి సఫర్ మీద బయలుదేరగానే ముగిసిపోతుంది. వతనె అస్లీ అలా కాదు. చుట్టీ మీద పులివెందులకు వచ్చిన మనిషి నాలుగు రోజులకే వచ్చినా, అది తన వతనె అస్లీ కాబట్టి జొహర్ నాలుగు రకాతులూ చదవాల్సిందే. దానికి ఏ కఫీల్ సంతకమూ అక్కర్లేదు.