మీ ఊరు ఏ నది ఒడ్డున?

పోయిన ఎండాకాలం మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్లానని చెప్పాను కదా. దాని ఉద్యోగం మన్‌హైమ్‌లో. అక్కడి నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు హైడెల్‌బర్గ్. ఒక శనివారం పులిహోర కట్టుకుని బయల్దేరాం. అవును, జర్మనీలో కూడా పులిహోరే. బయట తింటే ఒక్కొక్కరికీ ఎంతవుతుందో లెక్కేసుకున్నాక నాకు ఆకలి చచ్చిపోయింది.

ఊరు నెకర్ నది పక్కన ఉంటుంది. పైన కొండ మీద ఎర్రరాతి కోట. 1689లో ఒకసారి, 1693లో ఇంకోసారి ఫ్రెంచి సైన్యం దాన్ని పాడుచేసింది. బాగుచేసుకుంటుంటే 1764లో పిడుగు పడింది. ఇక వాళ్లూ వదిలేశారు. కోట అడుగున 2 లక్షల లీటర్లకు పైగా పట్టే చెక్క పీపా ఉంది, ద్రాక్షసారా కోసం. మా వారు దాని ముందు నిలబడి పది ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం కింద ఉన్న పాత వంతెన నచ్చింది. అక్కడ అంతకుముందు ఉన్న వంతెన 1784 ఫిబ్రవరిలో వరదకూ, దాంతో పాటు కొట్టుకొచ్చిన మంచుగడ్డలకూ పోయింది. ఇప్పుడున్న రాతి వంతెన 1788 నాటిది. 1945 మార్చిలో యుద్ధం ఓడిపోతూ జర్మనీ సైన్యమే దాన్ని పేల్చేసింది. ఊరివాళ్లు చందాలు వేసుకుని 1947కల్లా మళ్లీ నిలబెట్టుకున్నారు. తిండికే కటకటగా ఉన్న రోజుల్లో వంతెనకు చందాలు!

వంతెన దగ్గర రాతి మీద గీతలు, పక్కన సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. ఏ ఏడు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ గుర్తులు. 1784 గీత నా తలకంటే చాలా పైన ఉంది. నేను మెడెత్తి చూస్తుంటే, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ పలకరించింది. మా అమ్మాయి మధ్యలో ఉండి అటూ ఇటూ మాట అందించింది. హైదరాబాద్ అని చెప్పగానే ఆవిడ అడిగింది: "మీ ఊరు ఏ నది ఒడ్డున?"

"మాకు నది లేదండీ" అనేశాను.

ఎంత తేలిగ్గా అన్నానో! ఎల్‌బీ నగర్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అంబర్‌పేట వైపు వెళ్లాలంటే మూసారాంబాగ్ బ్రిడ్జి దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. మెట్రోలో మలక్‌పేట దాటాక కింద నల్లగా కనిపించేది అదే. రోజూ దాటుతాను, పేరు మాత్రం నోటికి రాలేదు. మా అమ్మాయి నవ్వి ఆవిడకు ఏదో సర్దిచెప్పింది. రైల్లో వస్తుంటే మాత్రం "మూసీ ఏమైందమ్మా?" అంది.

ఆగస్టులో తిరిగొచ్చాం. సెప్టెంబరు 26 రాత్రి ఏం జరిగిందో మీకూ గుర్తుండే ఉంటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు. తెల్లారేసరికి ఎంజీబీఎస్ బస్‌స్టాండ్‌లో నీళ్లు. మూసారాంబాగ్ బ్రిడ్జి మునిగింది. మా కాలనీలో అందరికీ 2020 అక్టోబరు భయం మళ్లీ పట్టుకుంది. అప్పుడు మా వంటింట్లో మోకాళ్ల లోతు నీళ్లు, బియ్యం డబ్బా తేలుతోంది. ఆ తడిసిన బియ్యం పారబొయ్యడానికి చేతులు రాలేదు నాకు.

టీవీ ముందు మా అత్తమ్మ కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్లు. ఈ మధ్య పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. తెర మీద బస్సుల చుట్టూ నీళ్లు చూసి, "గౌలిగూడల నీళ్లొచ్చినయా? మళ్లా తుఘ్యానీ వచ్చిందా?" అంది.

అత్తమ్మ పుట్టిల్లు గౌలిగూడ. తుఘ్యానీ అంటే పాతబస్తీ వాళ్ల మాటలో 1908 సెప్టెంబరు 28 వరద. ఆ ఒక్క వరదలో 15 వేల మంది దాకా పోయారని లెక్క. నది మీద ఉన్న నాలుగు వంతెనల్లో మూడు, అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని తెగిపోయాయి. 330 ఏళ్ల పురానాపూల్ ఒక్కటే నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో చింతచెట్టెక్కి 150 మంది బతికారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకొచ్చి మూసమ్మకు చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇవన్నీ నేను తర్వాత చదివినవి. అత్తమ్మ చెప్పింది వేరే. అప్పటికి వాళ్ల నాయినమ్మకు పన్నెండేళ్లట. మిద్దె మీదికి ఎక్కుతుంటే చంకలో ఉన్న రెండేళ్ల చెల్లె జారిపోయిందట. పేరేమిటి అని అడిగితే అత్తమ్మ చాలాసేపు చూసింది. "పేరు ఎవ్వలు చెప్పకపోయిరి బిడ్డా. చిన్నపిల్ల అనేటోళ్లు" అంది.

కాసేపాగి, "అందుకే నాలుగోనాడు మాకు బతుకమ్మ లేకపోతుండె" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. పెళ్లయిన కొత్తలో దీని మీద మా ఇద్దరికీ గొడవైంది కూడా. అందరికీ ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. మా ఇంట్లో నాలుగో రోజు, నానబియ్యం బతుకమ్మ నాడు కూడా పేర్చరు. ఎందుకంటే "మా తల్లిగారింట్ల లేదు" అనేది. ఆమె పుట్టింటి ఆచారం నా మెట్టింట్లో ఏమిటని నేను మూతి ముడుచుకునేదాన్ని. ఆమెకూ కారణం చెప్పాలని తోచలేదు, నాకూ అడగాలని తోచలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కేశాను. పంతొమ్మిదేళ్లకోసారి తిథులు దాదాపు అవే తేదీలకు వస్తాయని మా నాన్న చెప్పేవారు. 1908కి ఆరు పంతొమ్మిదులు కలిపితే 2022. పాత క్యాలెండర్లు పారెయ్యని అలవాటు ఈసారి పనికొచ్చింది. 2022లో పెత్రమాస సెప్టెంబరు 25. ఆ రోజు ఎంగిలిపూలు, 26న అటుకులు, 27న ముద్దపప్పు, 28న నానబియ్యం. 1908లోనూ అంతే. ఊళ్లో ఆడపిల్లలు తంగేడు, గునుగు తెచ్చుకుని పేర్చుకునే రోజుల్లోనే నది ఇళ్లలోకి వచ్చింది. నేను చదివిన పుస్తకాల్లో వంతెనల లెక్క ఉంది, చెరువుల లెక్క ఉంది, ఈ మాట ఒక్కచోటా కనపడలేదు. ఒక పన్నెండేళ్ల పిల్ల నాలుగోరోజు పూలు ముట్టుకోనని కూర్చోబట్టి మా ఇంట్లో నిలిచింది.

దసరా అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే అత్తమ్మను కారెక్కించాను. ముందు "గా నీళ్ల దిక్కు నేను రాను" అంది, తర్వాత తనే కొత్త చీర కట్టుకుని తయారైంది. దార్లో మూసారాంబాగ్ పేరు సంగతి చెప్పాను. అది నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని మొస్యే రేమండ్ పేరేనట. 1798లో చనిపోయాడు, సమాధి దగ్గర్లోనే గుట్ట మీద ఉంది. "దొర పేరును మనోళ్లు రాముని జేసిన్రా" అని నవ్వింది.

పురానాపూల్ ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించాడు. అంటే హైదరాబాద్ కంటే పదమూడేళ్లు పెద్దది. పారిస్‌లో పాంట్ నెఫ్ అనే ప్రసిద్ధ వంతెన మొదలుపెట్టిందీ అదే ఏడు. టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి మన వంతెనను దాంతో పోల్చి మెచ్చుకున్నాడు. హైడెల్‌బర్గ్ వంతెన మీద ప్రేమజంటలు సెల్ఫీలు తీసుకుంటారు. మన వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. నేను అరకిలో చిక్కుడుకాయ, రెండు కట్టలు కొత్తిమీర కొన్నాను. కమానుల కింద నీళ్లలో ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉన్నాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

అక్కణ్నుంచి నది వెంట హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి. వరద తర్వాత 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చి ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో పెట్టిన నగరాభివృద్ధి బోర్డు ఊరిని మళ్లీ కట్టింది. అంటే మనం గండిపేట నీళ్లు అని మురిసిపోయేది ఆ వరద తర్వాత వచ్చినవే. హైకోర్టు, ఆసుపత్రి ముఖాలు నది వైపే ఉంటాయి. చూడచక్కని వరస. ఒడ్డున కూర్చోవడానికి మాత్రం ఒక్క బెంచీ లేదు.

ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఇంకా ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు దాని కింద చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. మేం వెళ్లిన రోజు రోగుల బంధువులు కొందరు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఒకామె జరిగి అత్తమ్మకు చోటిచ్చింది. అత్తమ్మ చెట్టు మానును చేత్తో తడిమింది. "మావోళ్లు ఇంత దూరం రాలేకపోయిన్రు" అంది, అంతే.

నేను ఫోన్‌లో ఫొటో తీసి అమ్మాయికి పంపాను. కింద మూసీ అని రాశాను. తర్వాత అత్తమ్మను అడిగాను, వచ్చే ఏడు నుంచి నాలుగో రోజు కూడా పేర్చుకుందామా, ఆ పిల్ల పేరున చిన్న బతుకమ్మ ఒకటి పెడదామా అని.

"వద్దు. మా నాయినమ్మ వద్దన్నది వద్దే" అంది. నా చేతిలో సంచి తీసుకుని చూసి, "గీ చిక్కుడుకాయ ముదిరింది, ఎంతకిచ్చిండు?" అని అడిగింది.