స్టెప్నీ కంప్యూటర్‌కు అబ్బా చేతిరాత

రంజాన్ పోయి షవ్వాల్ నెలవంక కనిపించిందంటే మా ఆపా ఇంట్లో నిద్ర ఉండదు. షాదీ రుఖాలు, వలీమా కార్డులు, మధ్యలో ఏదో మదర్సా రసీదు బుక్కులు. ఒకే రుఖాలో ఉర్దూ, ఇంగ్లిష్, ఒక్కోసారి తెలుగు. పాతబస్తీలో ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అది. పోయిన ఏడు సీజన్ నడిమిట్ల ఆమె కంప్యూటర్ బంద్ అయింది. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. మదర్‌బోర్డు పోయింది, ఆ మోడల్ ఇప్పుడు దొరకదు అన్నాడు మెకానిక్. హార్డ్ డిస్క్ బతికే ఉంది, కానీ అందులో ఇరుక్కున్న రెండు షాదీల పని బయటికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఒక ఇంటివాళ్లు బయానా వాపస్ తీసుకుపోయారు. పైసలు పోయినందుకు కాదు, నలుగురిలో జబాన్ పోయినందుకు ఏడ్చింది ఆపా.

"బండికి స్టెప్నీ ఉంటది. నాకెందుకు లేదు రే?" అని అడిగింది నన్ను.

జవాబు వెతకడానికి నేను ముందు ధరల వైపు చూశాను. చూడాల్సింది అబ్బా వైపు.

అబ్బా కాతిబ్. ఒక ఉర్దూ రోజ్‌నామాలో ఖుష్‌ఖతీ చేసేవాడు. బోరు కలం, దవాత్, రోషనాయి, కలం చెక్కే చాకు. ఇంతే ఆయన కార్ఖానా. లితో జమానాలో పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాసేవారు. ఆ రాతను రాయి మీదికి ఎక్కించి ముద్రించేవారు. తర్వాత ఆఫ్‌సెట్ వచ్చినా చేతిరాత మారలేదు. కలం విరిగితే ఇంకో కలం. బోరుకు ఎంత ఖర్చు? మరి కాతిబ్‌కే జ్వరం వస్తే? పత్రికలో స్టెప్నీ అంటే ఇంకో మనిషే. అబ్బా రానిరోజు ఆయన మిగిల్చిన కాలమ్‌ను ఆయన ఉస్తాద్ దగ్గరే నేర్చుకున్న ఇంకో షాగిర్ద్ పూర్తి చేసేవాడు. ఎవరంటే వాళ్లు కూర్చుంటే కుదరదు. ఖత్ కలవాలి. పైన సగం ఒక చేయి, కింద సగం ఇంకో చేయి అని చదివేవాడికి తెలిస్తే బేఇజ్జతీ.

ఈ చేతిని యంత్రంలోకి ఎక్కించడానికి చాలా కాలం పట్టింది. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ రోజుల్లో, అంటే 19వ శతాబ్దం మొదట్లోనే, నస్తాలీఖ్‌ను సీసపు అచ్చులుగా పోసి చూశారు. నిలబడలేదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు తిప్పలు పెట్టినట్టే నస్తాలీఖ్ కూడా పెడుతుంది, పైగా ఇక్కడ ప్రతి అక్షరం పక్కవాడిని చూసి తన రూపు మార్చుకుంటుంది, మాట ఏటవాలుగా కిందికి జారుతుంది. దీని దారి కరాచీలో దొరికింది. మీర్జా అహ్మద్ జమీల్ విడి అక్షరాలను వదిలేసి, కలిసిన అక్షరాల గుత్తులనే వేల సంఖ్యలో రాశారు. మోనోటైప్ కంపెనీతో కలిసి వాటిని యంత్రానికి ఎక్కించారు. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోర్ 'జంగ్' దానితో అచ్చయింది. అప్పుడది పెద్ద ప్రెస్సులు మాత్రమే కొనగల యంత్రం. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చి అదే ఖత్‌ను మామూలు పీసీలో పెట్టింది.

అబ్బా హాలు ఖాళీ అవుతూ పోయింది. వార్తలు కంప్యూటర్‌కు పోయాయి, సుర్ఖీలు మాత్రం కొన్నాళ్లు ఆయన చేతిలో ఉన్నాయి. తర్వాత అవీ పోయాయి. నేనప్పుడు ఉర్దూ మీడియంలో చదువుతున్నాను. పదో తరగతిలో ఉన్న ఆపాను ఇన్‌పేజ్ నేర్చుకొమ్మని పంపింది అబ్బానే. తన రోజీ తిన్న యంత్రం దగ్గరికే బిడ్డను పంపాడు! ఆ రాత్రి ఆయన ఏమనుకున్నాడో ఇంట్లో ఎవరం అడగలేదు.

సొంత కంప్యూటర్ మాత్రం చాలా తర్వాత వచ్చింది. 1984 నవంబర్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ పాలసీ తెచ్చి దిగుమతి గేట్లు కొంత తెరిచింది. 1997లో భారత్ ఐటీ సామాన్ల ఒప్పందంలో చేరాక సుంకాలు మెట్లు దిగుతూ 2005కు సున్నా అయ్యాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పార్టులు ఏరుకుని అసెంబుల్ చేయించుకునే రోజులవి. అమ్మీ చిట్టీ ఎత్తి ఇచ్చిన పైసలతో ఆపా మొదటి మిషన్ అక్కడే తయారైంది. కలం జమానాలో పనిముట్టు చవక, చేయి ఖరీదు. ఇప్పుడు హిసాబ్ ఉల్టా అయింది. ఒక్క డబ్బా ఆగితే ఇల్లంతా ఆగిపోతుంది.

స్టెప్నీ వెతకడంలో నేను చేసిన మొదటి తప్పు, కొత్తదాని కోసం షోరూములు తిరగడం. రెండోది, మరీ చవకని ఒక పాత డెస్క్‌టాప్‌కు బయానా ఇవ్వబోవడం. ఆపా ఆపింది. "స్పీడు నాకేం జేస్కోను? నా ఫైల్ ఖుల్నా, అక్షరం హిల్నా నై" అంది. అబ్బా మాటే అది, ఖత్ కలవాలి. పాత ఇన్‌పేజ్ రాత తన సొంత సంకేతాల్లో ఉంటుంది, ఇంకో ప్రోగ్రాంలో అతికిస్తే పిచ్చిగీతలు. అను ఫాంట్ల తెలుగు కూడా అంతే, ఫాంట్ లేని మిషన్‌లో ఇంగ్లిష్ గుర్తుల గుంపు అయిపోతుంది. కాబట్టి స్టెప్నీలో మొదటి మిషన్‌లో ఉన్న ఇన్‌పేజ్ వర్షనే ఉండాలి, ఫాంట్లు అవే ఉండాలి. ఇన్‌పేజ్ తాళం ఆపా దగ్గర అసలుదే ఉంది, యూఎస్‌బీలో పెట్టేది. ఇందులోంచి తీసి అందులో పెట్టుకోవచ్చు. తాళం విరిచిన కాపీల మీద బతికే దుకాణాలు మన దగ్గర కొల్లలు. వాటికి స్టెప్నీ చేయడమంటే వైరస్‌ను కూడా రెండు ఇళ్లలో పెంచడమే.

చివరికి దొరికింది ఎక్కడనుకున్నారు? హైటెక్ సిటీ కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్‌ల గుట్టలో. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మా గల్లీకి అక్కడి నుంచి ఏమీ రాదనుకున్నాం. ఇదిగో, వాళ్ల పాత సామాను మా రోజీకి వస్తోంది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగింది, 11 ఎక్కాలంటే ఇంటెల్ అయితే 8వ తరం దాకా రావాలి. అంతకన్నా పాతది ఎంత చవకైనా వద్దనుకున్నాం. థింక్‌ప్యాడ్ టీ480, ఎనిమిది జీబీ ర్యామ్, 20 వేల లోపు. ర్యామ్‌కు ఇంకా చోటుంది. లాప్‌టాప్ ఎందుకంటే కరెంట్ పోయినా సేవ్ చేసుకునే టైమ్ ఉంటుంది. తెర చిన్నదంటారా, పాత మానిటర్ తగిలిస్తే సరి. దుకాణంలో చూసుకున్నవి: పాత కంపెనీ బయాస్ పాస్‌వర్డ్ మిగిలి లేదు కదా, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, డిస్క్ ఆరోగ్యం, ప్రతి కీ పనిచేస్తుందా.

ఆపా మాత్రం ఇవేవీ చూడలేదు. బురఖా సర్దుకుని కూర్చుని, పర్సులోంచి తాళం, పెన్‌డ్రైవ్ తీసింది. ఇన్‌పేజ్, ఫాంట్లు వేయించి, 2009 నాటి రుఖా ఒకటి తెరిచింది. అచ్చయిన పాత కార్డు తెర పక్కన పట్టుకుని సతరు సతరు వేలు పెట్టి చదివింది. దుకాణం పిల్లాడు నావైపు చూసి, ఎవరి షాదీ అన్నాడు.

"నాది," అంది ఆపా, తెర మీంచి కళ్లు తీయకుండా. "సుర్ఖీ అబ్బా రాసిండు. స్కాన్ చేసి పెట్టిన."