పటానికి ముందు ప్రశ్న: కలరా వీధి నుండి కంప్యూటరు తెర వరకు

1854 ఆగస్టు 31న లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా ఒక్కసారిగా విజృంభించింది. పది రోజులలో అయిదు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. దుర్గంధంతో నిండిన గాలియే కలరాకు మూలమని ఆనాటి వైద్యులలో అధికులు నమ్మేవారు. డాక్టర్ జాన్ స్నో మాత్రం నీటిని అనుమానించాడు. ఇంటింటికీ తిరిగి, మృతులు ఏ పంపు నీరు త్రాగారో విచారించాడు. అతని వాదన విన్న అధికారులు సెప్టెంబరు 8న బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడిని తొలగించారు.

పటాన్ని చూసి పిడిని తీసివేశారని తరచుగా చదువుతుంటాము. అది సరికాదు. ఒక్కొక్క మరణానికి ఒక్కొక్క నల్లగీతతో స్నో గీచిన ప్రసిద్ధ పటం అటుపిమ్మటిది. 1855లో అతని గ్రంథంలో అచ్చయింది. అతనికి బలమైన ఆధారమిచ్చినవి మినహాయింపులు. చేరువలోని పేదల ఆశ్రమంలో 535 మంది ఉండగా అయిదుగురే మరణించారు. అక్కడ సొంత బావి ఉంది. దూరాన హాంప్‌స్టెడ్‌లో నివసించే ఒక వృద్ధురాలు మాత్రం మరణించింది. ఆమె ఆ పంపు నీటినే ప్రత్యేకంగా తెప్పించుకొని త్రాగేది. పటం విచారణకు ఫలితమే గాని, ప్రత్యామ్నాయం కాదు.

1960వ దశకంలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ పటాలను కంప్యూటరుకు ఎక్కించాడు. 2002లో ఆరంభమైన క్యూజీఐఎస్, 2004లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆ విద్యను సామాన్యులకు ఉచితంగా అందించాయి.

మనం ఎక్కడ మొదలుపెట్టాలి? దారి మన నేలలోనే ఉంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడు వల్ల కలిగే ఎముకల వ్యాధిని లోకానికి తెలియజేశారు. మీ ఊరి బావుల, బోర్ల నీటిని పరీక్ష చేయించండి. ఒక్కొక్కదానికి పేరు, అక్షాంశం, రేఖాంశం, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదో పట్టికగా వ్రాసి, సీఎస్‌వీ ఫైలుగా భద్రపరచండి. స్థానాన్ని చేతిలోని ఫోనే చెబుతుంది. ఆ ఫైలును క్యూజీఐఎస్‌లో తెరచి, ఎక్స్ గడిలో రేఖాంశాన్ని, వై గడిలో అక్షాంశాన్ని ఎంచుకోండి. ఇవి తారుమారైతే నెల్లూరు బావి ఉత్తర ధ్రువ ప్రాంతంలో తేలుతుంది! అడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను పరచి, 1.5 మిల్లీగ్రాములు దాటిన చుక్కలకు ఎరుపు వేయండి.

ఆన్‌లైన్ పటాలు ఇంకా సులభం. గూగుల్ మై మ్యాప్స్ వంటివి అదే పట్టికను నిమిషాలలో పటంగా మారుస్తాయి. అయితే వైద్యునిగా ఒక హెచ్చరిక. డెస్క్‌టాప్ పటం మీ యంత్రంలోనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టిన సమాచారం మీ చేయి దాటిపోతుంది. బావిని చూపడం లోకహితం. క్షయ రోగి ఇంటిని చూపడం ఆ కుటుంబానికి వెలి. రోగుల ఇళ్లను ఎన్నడూ బహిరంగ పటం మీద గుర్తించకండి.

మరొక మాట. జనం ఎక్కువున్న వీధిలో రోగులూ ఎక్కువగానే కనబడతారు. కనుక చుక్కలను లెక్కించే ముందు ఇళ్లను లెక్కించండి. ఎర్రచుక్క కనబడిన చోటికి నడచి వెళ్లి, ఆ నీరు ఎవరు త్రాగుతున్నారో అడగండి. స్నో చేసిన అసలు పని అదే.