బస్తర్ తారు రోడ్లలో పొడవు అతుకు

తారు రోడ్డును పక్కపక్కన రెండు పట్టీలుగా వేసినప్పుడు అవి కలిసే చోటును పొడవు అతుకు అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, జగదల్‌పుర్ నుంచి సుక్మా, కోంటా మీదుగా చింతూరు వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి (పాత 221) వంటి రెండు వరుసల రోడ్లపై ఇది సాధారణంగా నడిమధ్యన పడుతుంది.

బలహీనతకు కారణం

తొలి పట్టీ అంచుకు బయటివైపు ఆసరా ఉండదు. రోలర్ ఎక్కితే వేడి మిశ్రమం పక్కకు జరుగుతుంది కాబట్టి అంచు పూర్తిగా అణగదు. రెండో పట్టీ వేసేసరికి ఆ అంచు చల్లారి ఉంటుంది. మిగిలిన సందుల్లోకి వాన నీరు దిగి కంకర నుంచి తారును విడదీస్తుంది. ముందు పగులు, తర్వాత కంకర లేవడం, చివరికి గుంతలు వస్తాయి.

పద్ధతులు

వేడి అతుకు: రెండు పేవర్లు (తారు మిశ్రమం పరిచే యంత్రాలు) ఒకదాని వెనుక ఒకటి కొద్ది దూరంలో నడుస్తాయి. రెండు పట్టీలూ వేడిగానే కలుస్తాయి. అతుకు బలంగా ఉంటుంది గానీ రోడ్డు మొత్తం మూసేయాలి.

కోత అతుకు: సరిగా అణగని అంచును 40–50 మి.మీ. మేర కోత చక్రంతో నిట్టనిలువుగా కోసి, కోసిన ముఖానికి తారు పూసి, పక్క పట్టీ వేస్తారు. ఫలితం పనివాడి నేర్పును బట్టి ఉంటుంది.

వాలు అతుకు: అంచును మెట్టుతో కూడిన వాలుగా వేస్తారు. పని సగంలో ఉన్నా వాహనాలు ప్రమాదం లేకుండా దాటగలవు.

రబ్బరు తారు పూత: చల్లారిన అంచుకు రబ్బరు కలిపిన తారును మందంగా పట్టిస్తారు.

పోలిక

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1995లో ఎనిమిది పద్ధతులను ఒకే రోడ్డుపై పరీక్షించారు. భారతీయ మూలాలున్న ఇంజనీరు పృథ్వీ సింగ్ కాంధల్, సహచరులు 2002లో ఫలితాలు ప్రకటించారు. రబ్బరు తారు పూత ముందు నిలిచింది. రోలర్ నడిపే తీరుల్లో, కొత్తగా వేసిన వేడి పట్టీపై అతుకుకు సుమారు 150 మి.మీ. ఎడంగా మొదలుపెట్టడం మేలని తేలింది. సాంద్రత ఎక్కువున్న అతుకులే సాధారణంగా ఎక్కువ కాలం నిలిచాయి.

బస్తర్‌కు అనువైనది

జగదల్‌పుర్‌లో ఏటా సుమారు 1,500 మి.మీ. వాన పడుతుంది, అందులో అధిక భాగం జూన్–సెప్టెంబరు మధ్యనే. కేశ్‌కాల్ ఘాట్ వంటి కొండ దారుల్లో రోడ్డు మొత్తం మూయడం కష్టం కనుక ఒక సగంపై రాకపోకలు సాగుతుండగానే రెండో సగం వేయాల్సి వస్తుంది. అందువల్ల వేడి అతుకుకు అవకాశం తక్కువ. చల్లని అంచును కోసి, తారు పూసి, కొత్త మిశ్రమాన్ని దానిపైకి 25–40 మి.మీ. ఎక్కించి రోలర్ నడపడం ఇక్కడ ఆచరణీయం. పై పొర అతుకు కింది పొర అతుకు మీద పడకూడదు, చక్రాల దారిలోనూ ఉండకూడదు. అతుకు దగ్గర కోర్ (రోడ్డు పొరల నమూనా) తీసి సాంద్రత చూడాలి. అది పట్టీ మధ్య సాంద్రత కన్నా 2 శాతానికి మించి తగ్గకుండా చూడటం, వానలకు ముందే పని ముగించడం రోడ్డు ఆయుష్షుకు అన్నిటికన్నా ముఖ్యం.