గ్రంథము వచ్చిన త్రోవలు

మొగలు కొలువునకు బైబిలు రాజలాంఛనములతోనే విచ్చేసినది. 1580లో గోవానుండి ఫతేపూరు సిక్రీకి వచ్చిన జెస్యూటు పాదిరీలు, ఆంట్వెర్పు నగరమున ప్లాంతిన్ ముద్రించిన బహుభాషా బైబిలు సంపుటములను సమర్పింపగా, అక్బరు పాదుషా వానిని ముద్దిడుకొని శిరమున దాల్చెను. కాని హీబ్రూ, గ్రీకు, లాటిను అక్షరములతో నిండిన ఆ పుటలు కొలువులోని పండితులకు దురవగాహములుగనే యుండెను. గ్రంథమొక దేశమున నిలుచుట ఇచ్చినవారి వైభవమునుబట్టి గాక, పుచ్చుకొనినవారి శ్రద్ధనుబట్టి యుండును.

నూరేండ్లు నిండకమునుపే వేఱొక త్రోవ తెఱచుకొనెను. ఢిల్లీ జుమా మసీదు తూర్పు ద్వారము చెంత, ఎఱ్ఱరంగు పూసిన చిన్న దర్గాలో సమాధి గొన్న సర్మదు, పారశీక దేశపు యూద కుటుంబమున జన్మించి, హీబ్రూ శాస్త్రములు చదివి, పిమ్మట ఇస్లాము స్వీకరించి, వర్తకమునకై సింధులోని ఠట్టాకు వచ్చి, అచ్చట అభయచందు అను హిందూ యువకునియం దనురాగబద్ధుడై, సరకును వస్త్రమును గూడ త్యజించిన ఫకీరు. ఆ గురువువద్ద అభయచందు తోరాను, దావీదు కీర్తనలను అభ్యసించెను. 1647లో, అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలోని మన హైదరాబాదున సర్మదును కలిసికొనిన, నానామతములను వివరించు దబిస్తానె మజాహిబు అను పారశీక గ్రంథముయొక్క కర్త, యూదమతమును గూర్చి నమ్మదగిన మాట చెప్పువాడు తనకంతకుమున్ను దొరకలేదని వ్రాసికొని, సృష్టిక్రమము మొదలుగా అభయచందు పారశీకమున పరివర్తించిన ఆదికాండ భాగమును సర్మదుతోడ సరిచూచుకొని తన గ్రంథమున చేర్చెను. పిదప ఢిల్లీ చేరి, మొగలు యువరాజు దారా షికో ఆదరము వడసిన సర్మదు, 1659లో దారా హతుడైన కొలది కాలమునకే, ఔరంగజేబు ఏలుబడిలో శిరశ్ఛేదము పొందెను.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మటను గ్రంథగతి ఇట్లే నడచినది. హెన్రీ మార్టిను హిందుస్తానీలోనికి తెచ్చిన క్రొత్త నిబంధన 1814లో శ్రీరామపురమున అచ్చుపడెను. 1817 మే నెలలో మీరటునుండి వచ్చిన ఉపదేశకుడు ఆనంద మసీహు, ఢిల్లీ వెలుపల చెట్లనీడను ఇంచుమించు 500 మంది గ్రామీణులు కూడి సువార్త చదువుకొనుట చూచి, ఇదెవరిచ్చిరని యడుగగా, హరిద్వారపు సంతలో దేవదూత యొసగెనని వారు బదులిచ్చిరి. అది దొరల మతగ్రంథమని యాతడు ఎంత చెప్పినను, మాంసభక్షకులది ఇదెట్లగునని వారు కొట్టివేసిరి. జ్ఞానస్నానమునకు సమ్మతించిరి గాని, గోమాంసము తిను దొరల పంక్తిని ప్రభుభోజనమునకు మాత్రము ఎన్నటికిని కూర్చుండమని తేల్చి చెప్పిరి.