ఇంటి మనిషి అనే మాట: ఆయాల నుంచి ఓపేర్ దాకా

ఈసారి వ్యాసం కాస్త పొడుగు. తీరిక చేసుకుని చదవండి.

ఈమధ్య మన హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట వైపు ఇళ్ళల్లో ఒక కొత్త మాట వినబడుతోంది. అది ఓపేర్. డిగ్రీ అయిపోయిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, "జర్మనీలో ఒకరింట్లో ఉండి వాళ్ళ పిల్లల్ని చూసుకుంటాను, భాష నేర్చుకుంటాను, ఏడాదికి వచ్చేస్తాను" అంటున్నారు. పెద్దవాళ్ళు వెంటనే అడిగేది ఒకటే: "అంటే పనిమనిషిగానా?" పిల్లలు చెప్పేదీ ఒకటే: "కాదు, ఇంటి మనిషిగా." ఈ ప్రశ్నకీ ఈ జవాబుకీ నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. పిల్లల్ని పంపాలా వద్దా అని వాదించుకునే ముందు ఆ చరిత్ర తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాం.

ఓపేర్ ఫ్రెంచి మాట. తెలుగు చెవికి "ఓ పేరు" అన్నట్టు వినబడుతుంది గానీ, అర్థం "సమానంగా" అని. జీతం తీసుకునే మనిషీ జీతమిచ్చే యజమానీ అన్న తేడా లేకుండా, ఇచ్చిపుచ్చుకోవడం మీద నడిచే ఏర్పాటు. 1897లో ఒక ఇంగ్లీషు ఆడపిల్లల పత్రిక ఈ మాటను వివరించింది. ఇంగ్లండు అమ్మాయి ఫ్రాన్సులోనో జర్మనీలోనో స్విట్జర్లాండులోనో ఒక బడిలో చేరి, తన భాష అక్కడివాళ్ళకు నేర్పి, దానికి బదులుగా ఆ బడి పాఠాలు తాను చదువుకోవడమే ఓపేర్ అంది. స్విట్జర్లాండులో అప్పటికే ఇలాంటి అలవాటు ఒకటి ఉండేది. జర్మన్ మాట్లాడే ప్రాంతపు అమ్మాయిలు ఒక ఏడాది ఫ్రెంచి మాట్లాడే ప్రాంతానికి వెళ్ళి, ఒక కుటుంబంతో ఉండి, ఇంటి పనీ భాషా రెండూ నేర్చుకుని వచ్చేవారు. పెళ్ళికి ముందు ఒక ఏడాది లోకం చూసి రావడం అన్నమాట.

సరిగ్గా అదే కాలంలో మన మద్రాసు రేవు నుంచి కూడా ఆడవాళ్ళు పిల్లల్ని చూసుకోవడానికి సముద్రాలు దాటుతున్నారు. వాళ్ళను ఎవరూ ఓపేర్ అనలేదు. ఆయా అన్నారు. పోర్చుగీసు నుంచి వచ్చిన ఈ మాటను ఇవాళ మనం అంగన్వాడీలోనూ ఆసుపత్రిలోనూ మన మాటే అన్నట్టు వాడుకుంటున్నాం. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ప్రయాణం తగ్గి, దొరల కుటుంబాల రాకపోకలు పెరిగాయి. ఓడలో చంటిపిల్లల్ని, ఒడుదుడుకులకు తట్టుకోలేని దొరసానిని చూసుకోవడానికి ఒక ఆయా తప్పనిసరి. కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడు రేవుల నుంచీ వెళ్ళారు. ఓడ ప్రయాణికుల జాబితాల్లో చాలామందికి సొంత పేరు కూడా ఉండదు. ఫలానా దొరసాని గారి ఆయా అని ఉంటుంది, అంతే.

ఒడ్డు చేరాక ఏమయ్యేది? కొందరు కుటుంబాలు మాట నిలబెట్టుకుని తిరుగు టికెట్టు కొనిచ్చాయి. కొందరు పని అయిపోయింది కదా అని చేతులు దులుపుకున్నారు. 1908లో ఒక ఆయా చేతిలో ఒక పౌను పెట్టి, లండను కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషనులో వదిలేసి వెళ్ళారు. ఊరు తెలియదు, భాష అంతంతమాత్రం, చలి. ఇలాంటి వాళ్ళ కోసమే లండనులో ఆయాల హోమ్ ఒకటి ఉండేది. మొదట ఆల్డ్‌గేట్ దగ్గర ఉండి, 1900లో ఒక క్రైస్తవ మిషను చేతికి వచ్చి హాక్నీ ప్రాంతానికి, కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులో 26వ నంబరు ఇంటికి మారింది. ఏటా వందమంది దాకా అక్కడ తలదాచుకునేవారు. ఇండియాకు తిరిగి వెళ్ళే మరో కుటుంబానికి ఆయా కావలసివస్తే, హోమ్ వాళ్ళు కుదిర్చి ఓడ ఎక్కించేవారు. 2022 జూన్‌లో ఆ ఇంటి గోడకు నీలం ఫలకం తగిలించారు. లండనులో మనవాళ్ళ పిల్లలుంటే ఒకసారి వెళ్ళి చూడమనండి.

వాళ్ళంతా నిస్సహాయులు అనుకోకూడదు. పెరేరా అనే ఆయా ఇండియాకూ ఇంగ్లండుకూ మధ్య 54 సార్లు ప్రయాణం చేసిందని ఆ కాలం వాళ్ళు రాసిపెట్టారు. అంత అనుభవం ఉన్న మనిషికైనా సరే, తిరిగి ఇల్లు చేరడం యజమాని మంచితనం మీదే ఆధారపడి ఉండేది. దొరల కుటుంబాలు ఆయాల గురించి "మా ఇంటి మనిషిలాంటిదే" అని ప్రేమగానే రాసుకున్నాయి. పిల్లలు ఆమె ఒళ్ళోనే పెరిగారు. ఆ ప్రేమ అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమకు కాగితం లేదు. స్టేషనులో వదిలేసిన రోజున అడగడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

కాగితం రావడానికి 1969 దాకా పట్టింది. అదీ ఆయాల కోసం కాదు, యూరపు పిల్లల కోసం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూరపులో జీతానికి ఇంట్లో ఉండి పనిచేసే మనుషులు దొరకడం కష్టమైంది. ఒక దేశం అమ్మాయిలు ఇంకో దేశంలో ఓపేర్‌గా ఉండటం బాగా పెరిగింది. దానితో పాటు ఫిర్యాదులూ పెరిగాయి. భాష నేర్చుకుందామని వెళ్తే పొద్దున్నుంచి రాత్రిదాకా గిన్నెలు తోమడమే అయిందని. అప్పుడు 1969 నవంబరు 24న స్ట్రాస్‌బర్గులో యూరపు మండలి ఒక ఒప్పందం తయారు చేసింది. అందులో మొదటగా ఒప్పుకున్న సంగతి ఇది: ఓపేర్ అటు విద్యార్థీ కాదు, ఇటు కార్మికురాలూ కాదు, రెండిటి లక్షణాలూ ఉన్న ప్రత్యేక వర్గం.

ఆ తర్వాత "సమానంగా" అన్న ఒక్క మాటను విడదీసి లెక్కలుగా రాశారు. రోజుకు మామూలుగా 5 గంటలకు మించని పని. వారానికి ఒక పూర్తి సెలవు, నెలలో ఒక్కటైనా ఆదివారం. వీలైతే వేరే గది. భాషా తరగతులకు వెళ్ళడానికి సమయం. చేతి ఖర్చుకు డబ్బు. ఒప్పందం నోటిమాట కాదు, రాతలో ఉండాలి, అదీ వీలైతే బయలుదేరకముందే. చదువుతుంటే చాలా చిన్న విషయాల్లా ఉంటాయి. ఆయాకు లేనివి సరిగ్గా ఇవే.

అయితే ఒప్పందాన్ని పూర్తిగా ఆమోదించిన దేశాలు కొన్నే. జర్మనీ సంతకం చేసి ఆమోదించకుండా ఆగింది, తన నిబంధనలు తాను పెట్టుకుంది. తర్వాతి కథ యూరపు దాటి వచ్చిన పిల్లలది. ఫిలిప్పీన్స్ నుంచి వెళ్ళిన అమ్మాయిల మీద అన్యాయాలు జరుగుతున్నాయని వినబడి, 1998లో ఆ దేశ ప్రభుత్వం యూరపుకు ఓపేర్‌లను పంపడమే ఆపేసింది. ఆ నిషేధం పూర్తిగా తొలగడానికి 2012 వచ్చింది. నార్వేలో ఎక్కువమంది ఓపేర్‌లు ఫిలిప్పీన్స్ వాళ్ళే ఉండేవారు. ఇది సాంస్కృతిక మార్పిడి కాదు, చవగ్గా దొరికే ఇంటి పని అన్న విమర్శ ముదిరి 2024లో నార్వే ఆ పద్ధతికే స్వస్తి చెప్పింది. అంటే "ఇంటి మనిషి" అనే మాట సమంగా నిలవడం లేదని ఒక సంపన్న దేశమే ఒప్పుకున్నట్టు.

ఇక్కడ మనం ఇంకో పక్కకు కూడా చూడాలి. యానాం చుట్టుపక్కల గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఎంతోమంది తెలుగు ఆడవాళ్ళు కువైట్ వంటి దేశాలకు ఇంటి పనికి వెళ్ళారు, వెళ్తున్నారు. మన దేశ నిబంధన ప్రకారం పదో తరగతి పాసు కాని మహిళ గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. జర్మనీ నిబంధన ప్రకారం 27 నిండినవాళ్ళు ఓపేర్‌గా దరఖాస్తు చేయలేరు. ఇద్దరూ చేసేది చాలావరకు ఒకే పని. పిల్లల్ని లేపడం, తినిపించడం, బడికి దింపడం, బట్టలు మడతపెట్టడం. ఒకామె పిల్లల ఫీజు కట్టడానికి వెళ్తుంది, ఇంకొకామె భాష నేర్చుకోవడానికి వెళ్తుంది. మనం ఒకరిని పనిమనిషి అంటాం, ఇంకొకరిని ఇంటి మనిషి అంటాం. గౌరవం పనిని బట్టి వస్తోందా, చదువునూ వీసానూ బట్టి వస్తోందా? సంఘంగా మనం ఆలోచించాల్సిన ప్రశ్న ఇది. మన ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిని "ఇంట్లో మనిషే" అంటాం కదా, ఆమెకు వారానికి ఒక సెలవు ఉందా అని కూడా ఒకసారి చూసుకోవాలి.

ఇక వెళ్ళే పిల్లల సంగతి. జర్మనీ వీసాకు భాషలో మొదటి మెట్టు, ఎ1 స్థాయి కావాలి. మనవాళ్ళున్న బెంగళూరు, చెన్నై, పుణే, ముంబైలలో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది, ఆ పరీక్ష అక్కడే రాయొచ్చు. పని వారానికి 30 గంటల లోపు. ఇది రాసే నాటికి చేతి ఖర్చు నెలకు 280 యూరోలు, భాషా తరగతికి 70 యూరోలు, ఆరోగ్య బీమా ఆ కుటుంబమే కట్టాలి. విమానం ఖర్చు మాత్రం వాళ్ళు ఇచ్చి తీరాలని లేదు. ఇంకో ముఖ్యమైన నిబంధన ఉంది. ఇంట్లో జర్మన్ మాట్లాడినా, ఆ దంపతులది కూడా ఇండియా అయితే ఇండియా అమ్మాయిని ఓపేర్‌గా పెట్టుకోవడం కుదరదు. "అక్కడ మనవాళ్ళే ఉన్నారు, వాళ్ళింటికే పంపుదాం" అనుకునే పెద్దలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కుదురుకోవడానికి మొదటి మూడు నెలలు కష్టం. రాత్రి భోజనం చాలా ఇళ్ళల్లో చల్లని రొట్టె, జున్ను. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆదివారం అంగళ్ళన్నీ మూత. తండ్రి వయసు మనిషిని పేరుపెట్టి పిలవాలి. పిన్నీ, మామా అని వరస కలపకపోతే నోరు రాని మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. మూడేళ్ళ పిల్లవాడు భాష తప్పుగా మాట్లాడావని దిద్దుతాడు. కానీ ఇందులో మన పిల్లలకు ఒక బలం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు అని పెరిగినవాళ్ళు. ఇంకొకరి భాషలో బతుకుతూ మన భాష పోగొట్టుకోకుండా ఉండటం మన ముత్తాతలు తరాలుగా చేసి చూపించిన పనే.

కాబట్టి పంపొద్దని మేము చెప్పడం లేదు. మద్రాసు ఆయా దగ్గర లేనివన్నీ మన పిల్ల దగ్గర ఉన్నాయా అని చూసి పంపమంటున్నాం. రాతపూర్వకమైన ఒప్పందం, అందులో పని గంటలు, సెలవు రోజు, గది, తరగతి. పాస్‌పోర్టు తన పెట్టెలోనే. తిరుగు ప్రయాణానికి సరిపడే డబ్బు తన ఖాతాలోనే, ఎవరినీ అడగకుండా వాడుకునేలా. ఆ ఊళ్ళో ఆ కుటుంబం కాక ఇంకొక్కరి ఫోన్ నంబరు. ఇవి ఉన్నాక వాళ్ళు "మా ఇంటి మనిషి" అంటే సంతోషంగా నమ్మొచ్చు. ఇవి లేకపోతే ఆ మాట ఎంత తీయగా అన్నా నమ్మకూడదు.

చివరగా ఒక మనవి. మద్రాసులోనో, బెంగళూరు దండులోనో, నీలగిరి కొండల మీదో దొరల ఇళ్ళల్లో పిల్లల్ని పెంచిన అవ్వలు, జేజమ్మలు మీ కుటుంబాల్లో ఉన్నారా? వాళ్ళ గురించి ఇంట్లో చెప్పుకునే మాటలుంటే రాసి పంపండి. ముఖ్యంగా వాళ్ళ పేర్లు. ఓడ జాబితాల్లో లేని పేర్లు మన సంఘం పుస్తకంలోనైనా ఉండాలి.